సెన్సర్ వంట: మైక్రోవేవ్ ఓవెన్ ఏమి చూస్తుంది, ఏమి చూడదు?



ఈ రోజుల్లో మన పల్లెల్లో ఏ ఇంటిని చూచినా ఒక బిడ్డ హైదరాబాదులోనో, ఒక బిడ్డ కువైట్‌లోనో, ఇంకొక బిడ్డ అమెరికాలోనో ఉంటున్నారు. సెలవులకు వచ్చిన కొడుకు, "అమ్మా, మాటిమాటికీ స్టవ్ దగ్గర నిలబడవద్దు" అని ఒక మైక్రోవేవ్ ఓవెన్ కొని పెట్టి వెళ్తాడు. కూతురి కాన్పు నిమిత్తం అమెరికా వెళ్లిన తల్లికి అక్కడి వంటింట్లో, పొయ్యి మీద గోడకు బిగించిన ఓవెన్ ఎదురవుతుంది. దాని మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఇక్కడైనా అక్కడైనా పిల్లలు చెప్పే మాట ఒకటే: "ఏమీ లేదమ్మా, సెన్సర్ బటన్ నొక్కు. మిగతాది అదే చూసుకుంటుంది."

ఈ మాటలో నిజం సగమే ఉంది. ఆ యంత్రం ఒక్క సంగతిని చక్కగా చూసుకుంటుంది. మిగిలిన సంగతులేవీ దానికి తెలియవు. ఇది చిన్న విషయమనుకోకూడదు. ఇంట్లో ఒంటరిగా భోంచేసే పెద్దవారికి సరిగా వేడెక్కని నిన్నటి కూర కడుపు పాడుచేస్తుంది. అతిగా కాగిన నీళ్లు చేతులనూ ముఖాన్నీ కాలుస్తాయి. పాలసీసాను అందులో పెడితే పసిబిడ్డ నోరు పొక్కిపోతుంది. గనుక సెన్సర్ ఎలా పని చేస్తుందో, దానికి మనం ఎక్కడ తోడు నిలవాలో ఈ నెల వివరంగా తెలిసికొందాం.

ఓవెన్ లోపల ఏమి జరుగుతుంది?

మైక్రోవేవ్ ఓవెన్‌లో మంట లేదు. లోపల మాగ్నెట్రాన్ అనే గొట్టం ఉంటుంది. అది కరెంటును రేడియో తరంగాల వంటి తరంగాలుగా మారుస్తుంది. ఆ తరంగాలు సెకనుకు 2,450 మిలియన్ సార్లు అటూ ఇటూ మారుతుంటాయి. వాటితో పాటు ఆహారంలోని నీటి కణాలు కూడా కదులుతాయి. ఆ కదలిక వల్ల వేడి పుడుతుంది. తరంగాలు ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బాగా చొచ్చుకొని వెళ్తాయి. ఆపైన నడిమికి వేడి పాకవలసిందే. అందుకే గిన్నె అంచుల దగ్గర కూర సెగలు కక్కుతుంటే నడిమిలో చల్లగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయేవన్నీ సులభంగా అర్థమవుతాయి.

ఈ ఉపాయం కనిపెట్టినవాడు పెర్సీ స్పెన్సర్ అనే అమెరికా దేశస్థుడు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, బడి చదువు పూర్తి చేయకుండానే పనిలో చేరిన మనిషి. యుద్ధకాలంలో రేడార్ల కొరకు మాగ్నెట్రాన్లు తయారుచేసే రేథియాన్ కంపెనీలో పని చేస్తుండగా, ఆ గొట్టం దగ్గర నిలబడితే జేబులోని తినుబండారం కరిగిపోవడం గమనించాడు. 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. బల్ల మీద పెట్టుకొనే చిన్న ఓవెన్ 1967లో అమానా అనే పేరుతో అమెరికా ఇళ్లకు చేరింది. ఆ రోజుల్లో దానిలో గంట కొట్టే గడియారం తప్ప మరేమీ లేదు. ఎన్ని నిమిషాలు పెట్టాలో గృహిణే నిర్ణయించుకోవాలి. ఆవిరిని కనిపెట్టే సెన్సర్‌ను 1970ల చివరి సంవత్సరాలలో జపాను కంపెనీలు ఓవెన్లలో అమర్చడం మొదలుపెట్టాయి.

సెన్సర్ ఏమి చేస్తుంది?

కట్టెల పొయ్యి మీద అన్నం వండే తల్లి గడియారం చూడదు. మూత ఎగిరిపడే చప్పుడు వింటుంది, ఆవిరి చూస్తుంది, "ఎసరు పొంగింది, ఇక మంట తగ్గించాలి" అని లేస్తుంది. సెన్సర్ చేసేదీ ఆ పనే.

ఓవెన్‌లోని గాలిని ఒక ఫ్యాను బయటికి తోలుతుంటుంది. ఆ గాలి పోయే దారిలో తేమను పసిగట్టే చిన్న బిళ్ల ఉంటుంది. బటన్ నొక్కగానే అది మొదట లోపలి గాలిలో ఎంత తేమ ఉన్నదో చూచుకుంటుంది. తరువాత ఆహారం కాగి, మూత సందులోనుండి ఆవిరి ఒక్కసారిగా తన్నుకొని వచ్చినప్పుడు ఆ తేమ పెరుగుతుంది. బటన్ నొక్కినప్పటి నుండి ఆవిరి వచ్చేవరకు ఎంతసేపు పట్టిందో యంత్రం లెక్క వేసుకుంటుంది. దాన్ని బట్టి ఇంకా ఎంతసేపు వండాలో నిర్ణయిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గిన్నెడు కూరకు 3 నిమిషాలకు ఆవిరి వచ్చిందనుకుందాం. ఆ రకం వంటకు ఓవెన్‌లో రాసిపెట్టిన లెక్క "పట్టిన కాలంలో సగం" అయితే, ఇంకా ఒకటిన్నర నిమిషం వేడి చేసి ఆగిపోతుంది. రెండు గిన్నెల కూర పెడితే ఆవిరి రావడానికే 5 నిమిషాలు పట్టవచ్చు. అప్పుడు మిగతా కాలం కూడా రెండున్నర నిమిషాలకు పెరుగుతుంది. ఇవి అర్థమయ్యేందుకు వేసికొన్న అంకెలే. లెక్క మాత్రం ఈ తీరుగానే ఉంటుంది. అందుకే అన్నానికి ఒక బటన్, కూరగాయలకు ఒకటి, వేడిచేయడానికి ఒకటి వేర్వేరుగా ఉంటాయి. ఒక్కొక్క వంటకు ఒక్కొక్క లెక్క. అన్నం పెట్టి బంగాళాదుంపల బటన్ నొక్కితే లెక్క తప్పుతుంది.

మన పల్లెలకు ఇందులో ఒక మేలు ఉన్నది. ఓల్టేజి తగ్గినప్పుడు ఓవెన్ వేడి కూడా తగ్గుతుంది. "3 నిమిషాలు" అని గడియారం పెట్టుకుంటే ఆ రోజు కూర వేడెక్కదు. సెన్సర్ అలా కాదు. ఆవిరి వచ్చేవరకు కాచుకొని ఉంటుంది. కూర ఫ్రిజ్జులోనుండి తీసినదైనా, బయట ఉంచినదైనా, తక్కువైనా ఎక్కువైనా, తన లెక్క తాను సరిచేసుకుంటుంది.

మీ ఓవెన్‌లో నిజంగా సెన్సర్ ఉన్నదా?

మన దేశంలో అమ్మే చాలా ఓవెన్ల మీద "ఆటో కుక్" అని ఉంటుంది. అది చూచి సెన్సర్ అనుకోకూడదు. బటన్ నొక్కగానే "200 గ్రాములా, 400 గ్రాములా?" అని బరువు అడిగి, వెంటనే నిమిషాలు చూపిస్తే అందులో ఉన్నది రాసిపెట్టిన గడియారమే. అట్టి ఓవెన్‌కు బరువు సరిగా చెప్పాలి. ఓల్టేజి తగ్గితే అది గ్రహించదు.

సెన్సర్ ఉన్న ఓవెన్ సాధారణంగా బరువు అడగదు. మొదట నిమిషాలు కూడా చూపించదు. "సెన్సర్" అన్న మాట గాని, ఏదైనా గుర్తు గాని కనబడుతూ ఉంటుంది. ఆవిరి తగిలిన తరువాతే మిగిలిన సమయం చూపిస్తుంది. కొన్ని ఓవెన్లలో ఆవిరికి బదులు ఆహారం పైభాగపు వేడిని దూరం నుండే కొలిచే సెన్సర్ ఉంటుంది. వాటికి మూత పెట్టాలా వద్దా అన్నది వేరుగా ఉంటుంది గనుక, కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకాన్ని పిల్లల చేత ఒకసారి చదివించుకొని తెలిసికొనండి. ఈ పేజీలో చెప్పేది ఆవిరి సెన్సర్ గురించి.

అన్నం, కూర వేడి చేసే పద్ధతి

1. ఓవెన్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసిన వెంటనే సెన్సర్ బటన్ నొక్కవద్దు. కొద్ది నిమిషాలు ఆగండి. మీటర్ దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అంతే.

2. లోపలి గోడలు, తిరిగే గాజు పళ్లెం, గిన్నె అడుగు, అన్నీ పొడిబట్టతో తుడవండి. తడి ఉంటే ఆ తడే ముందుగా ఆవిరై లేస్తుంది. సెన్సర్ దాన్ని చూచి కూర కాగిందనుకుంటుంది. కూర చల్లగానే మిగిలిపోతుంది.

3. అన్నం గడ్డలు లేకుండా విడదీసి, రెండు చెంచాల నీళ్లు చల్లండి. అన్నాన్ని, కూరను పళ్లెంలో కుప్పగా పోయక, అంచుల వైపు పరచి నడిమిలో గుంట చేయండి. నడిమి భాగం ఆలస్యంగా వేడెక్కుతుందని పైన చెప్పుకున్నాం కదా.

4. మూత పెట్టండి గాని బిగించవద్దు. ఒక పక్క వేలెడు సందు వదలండి. మూత లేకపోతే ఆవిరి మొదటినుండే కొంచెం కొంచెంగా పోతుంది, సెన్సర్ తడబడుతుంది. పూర్తిగా బిగిస్తే ఆవిరి బయటికి రాదు, కూర మాడిపోతుంది. మూత ఎగిరిపడి ప్రమాదం కూడా జరగవచ్చు.

5. బటన్ నొక్కిన తరువాత, మిగిలిన నిమిషాలు కనబడేవరకు తలుపు తీయవద్దు. ఇది అన్నిటికంటె ముఖ్యం. మధ్యలో తలుపు తీస్తే కూడిన ఆవిరి పోతుంది, లెక్క చెడుతుంది. నిమిషాలు కనబడి వెనక్కి లెక్కించడం మొదలైన తరువాత తలుపు తీసి ఒకసారి కలిపి, మళ్లీ మూసి, మొదలుపెట్టే బటన్ నొక్కవచ్చు.

6. గంట మోగిన తరువాత రెండు మూడు నిమిషాలు మూతతోనే ఉంచండి. అంచుల వేడి నడిమికి పాకుతుంది. ఆ తరువాత మూతను మీ ముఖానికి ఎదురుగా కాక, అవతలి వైపుకు ఎత్తండి. ఆవిరి మంటకంటె తక్కువేమీ కాదు.

7. గరిటెతో అడుగువరకు కలిపి, నడిమి భాగాన్ని చూడండి. నిన్నటి కూర నడిమిలో కూడా సెగలు రావాలి, పులుసు బుడగలు రావాలి. 74 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే సాధారణంగా క్రిములు చస్తాయి. మన దగ్గర కొలిచే సాధనం లేదు గనుక గోరువెచ్చగా ఉన్నదానితో తృప్తిపడకుండా, ఇంకొక నిమిషం గడియారం పెట్టి వేడి చేయండి.

కరెంటు మధ్యలో పోతే?

ఇది మన ఊళ్లలో రోజూ వచ్చే ప్రశ్న. సగంలో కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు సెన్సర్ బటన్ మరల నొక్కకండి. అప్పటికే కూర సగం కాగి ఉన్నది. బటన్ నొక్కగానే ఆవిరి వచ్చేస్తుంది. "అరె, అర నిమిషంలోనే ఆవిరి వచ్చింది, ఇది కొంచెమే కూర" అని యంత్రం అనుకొని, ఇంకో పావు నిమిషంలో ఆపేస్తుంది. కూర నడిమి చల్లగానే ఉంటుంది. అట్టి సమయంలో మామూలు గడియారం బటన్‌తో ఒక్కొక్క నిమిషం పెట్టి, కలిపి చూచుకోవడమే మంచిది.

ఒక వంట అయిన వెంటనే రెండవ గిన్నె పెట్టినా ఇదే చిక్కు వస్తుంది. లోపల ఇంకా ఆవిరి, వేడి నిండి ఉంటాయి. తలుపు తెరచి, లోపల తుడిచి, చల్లారనిచ్చి పెట్టండి.

ఆవిరి వచ్చిన తరువాత ఓల్టేజి బాగా పడిపోయినా లెక్క తక్కువ పడుతుంది. ఎందుకంటే మిగతా కాలాన్ని యంత్రం అప్పటికే నిర్ణయించేసింది. సాయంకాలం దీపాలు మసకబారడం కనబడితే చివర్లో ఒక నిమిషం అదనంగా పెట్టుకోండి.

సెన్సర్‌కు తగినవి, తగనివి

ఆవిరి ఇచ్చే ఆహారానికే సెన్సర్ పనికి వస్తుంది. అన్నం, పప్పు, సాంబారు, కూరలు వేడి చేయడానికి, బీన్స్, క్యారెట్, కాలీఫ్లవర్ వంటి కూరగాయలు ఉడికించడానికి బాగుంటుంది. కూరగాయలను ఒకే పరిమాణంలో తరిగి, రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టాలి. బంగాళాదుంపలు, చిలగడదుంపలు తొక్కతోనే పెడితే ఫోర్కుతో గాని, చాకు మొనతో గాని నాలుగైదు చోట్ల పొడవాలి. లేకపోతే లోపలి ఆవిరికి దారిలేక దుంప పగులుతుంది. బియ్యం వండేటప్పుడు బియ్యానికి మూడు నాలుగింతలు లోతైన గిన్నె తీసుకోండి. చిన్న గిన్నె అయితే గంజి పొంగి, పళ్లెమంతా తడిసి, సెన్సర్‌ను కూడా తప్పుదోవ పట్టిస్తుంది.

అప్పడాలు, వేరుశనగ గుళ్లు, రొట్టె ముక్కలు, కేకు, కరగబెట్టే వెన్న, వీటికి సెన్సర్ వద్దు. అవి పొడిగా ఉంటాయి, లేదా తగినంత ఆవిరి ఇవ్వవు. ఆవిరి కొరకు కాచుకొని కాచుకొని యంత్రం వాటిని మాడ్చేస్తుంది. అప్పడానికి అర నిమిషం మొదలు పెట్టి, ఎదుట నిలబడి చూచుకుంటూ గడియారంతోనే కాల్చండి. ఒకటి రెండు ముద్దల అన్నానికి కూడా సెన్సర్ తగదు. అంత తక్కువకు ఆవిరి చాలదు. నూనె పోసి బూరెలు, గారెలు వేయించడం మైక్రోవేవ్‌లో ఎన్నడూ చేయకూడదు. నూనె ఎంత కాగిందో తెలియదు, నిప్పు అంటుకోవచ్చు. తాలింపు కూడా స్టవ్ మీద చిన్న గరిటెలో పెట్టుకొని కలుపుకోవడమే మేలు.

ఏ గిన్నెలు పెట్టాలి?

మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా స్టీలు, అల్యూమినియం, ఇత్తడి పాత్రలు. ఇవేవీ పనికిరావు. లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, మాగ్నెట్రాన్ పాడు కావచ్చు. టిఫిన్ క్యారేజి గిన్నె, స్టీలు చెంచా, వెండి రేకు అంటించిన పొట్లాం, బంగారు అంచు ఉన్న పింగాణీ కప్పు, ఏవీ లోపల పెట్టవద్దు. మెలమైన్ పళ్లాలు కూడా వద్దు.

వేడికి తట్టుకొనే గాజు గిన్నెలు, అంచు రంగులు లేని పింగాణీ గిన్నెలు అన్నిటికంటె మంచివి. ప్లాస్టిక్ డబ్బా అయితే దాని మీద మైక్రోవేవ్‌కు తగినదని రాసి ఉండాలి. ఐస్‌క్రీం డబ్బాలు, మిఠాయి కొట్టు డబ్బాలు, హోటలు నుండి సాంబారు కట్టి తెచ్చిన కవర్లు అందుకు తగవు.

ప్రాణం మీదికి తెచ్చే నాలుగు పొరపాట్లు

ఇవి సెన్సర్ ఆపలేనివి. ఇంట్లో అందరికీ చెప్పండి.

మొదటిది పాలసీసా. పసిబిడ్డ పాలను, అవి తల్లి పిండి తీసిపెట్టిన పాలైనా, డబ్బా పాలైనా, మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. సీసా పైకి గోరువెచ్చగా తగులుతుంది గాని లోపల ఒక చోట చల్లగా, ఒక చోట నోరు కాలేంత వేడిగా ఉంటుంది. వేడినీళ్లు పోసిన గిన్నెలో సీసాను నిలబెట్టి, తరువాత బాగా కదిపి, మీ మణికట్టు మీద ఒక చుక్క వేసి చూచుకోండి. కాన్పుకు అమెరికా వెళ్లే తల్లులు దీన్ని మరీ జ్ఞాపకముంచుకోవాలి. అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే చేయి ముందుగా ఓవెన్ వైపే పోతుంది.

రెండవది కోడిగుడ్డు. పెంకుతో ఉన్న గుడ్డు లోపల పేలుతుంది. ఉడికించిన గుడ్డును వేడి చేసినా, తీసి కొరికినప్పుడు నోటిలోనే పేలవచ్చు. సెన్సర్ బటన్ నొక్కినంత మాత్రాన ఇది ఆగదు.

మూడవది ఉత్త నీళ్లు. నున్నని గాజు కప్పులో నీళ్లు పెడితే, మరిగే వేడిని దాటినా ఒక్క బుడగ కూడా రాకుండా ఉండవచ్చు. చేతికి తీసుకొని టీ పొడి గాని, పంచదార గాని వేయగానే ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. టీ నీళ్లకు స్టవ్ మంచిది. తప్పనిసరి అయితే కప్పులో చెక్క చెంచా ఒకటి వేసి, తక్కువ సమయం పెట్టి, గంట మోగిన తరువాత ఒక నిమిషం ఆగి తీయండి.

నాలుగవది పాడైన అన్నం. వండిన అన్నాన్ని బయట ఎక్కువసేపు ఉంచితే అందులో ఒక రకం బాక్టీరియా పెరిగి విషాన్ని విడుస్తుంది. దాని పేరు బాసిల్లస్ సీరియస్. బాక్టీరియా చచ్చినా ఆ విషం మామూలు వేడికి పోదు. కాబట్టి ఆవిరి వచ్చింది, గంట మోగింది అని నమ్మకూడదు. అన్నం వండిన రెండు గంటలలోపు, 32 డిగ్రీలు దాటే ఎండ రోజుల్లో గంటలోపు, వెడల్పాటి పాత్రలో చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టిన అన్నాన్నే తరువాత వేడి చేసుకోవాలి. ఫ్రిజ్జు లేని ఇంట్లో పూటకు సరిపడా వండుకోవడమే క్షేమం. మజ్జిగలో నానబెట్టి పులియబెట్టే చద్దన్నం సంగతి వేరు. పొద్దున వండి రాత్రిదాకా గిన్నెలో ఉంచిన పొడి అన్నాన్ని ఏ ఓవెనూ మంచిది చేయలేదు. ఒకసారి వేడి చేసి మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ వేడి చేయవద్దు.

రేడియేషన్ భయం

"అందులో వండినది తింటే కేన్సర్ వస్తుందట" అని చాలామంది భయపడతారు. ఇవి ఎక్స్‌రే వంటి కిరణాలు కావు. ఆహారంలో నిలిచి ఉండేవి కావు. ఓవెన్ ఆగిన క్షణమే తరంగాలు ఆగుతాయి, దీపం ఆర్పితే వెలుతురు పోయినట్లు. తలుపు అద్దంలో కనబడే చిల్లుల రేకు తరంగాలను బయటికి రానివ్వదు. అమెరికా ప్రభుత్వం 1971 నుండి ఈ లీకుకు హద్దు పెట్టింది. ఓవెన్ వాడినంత కాలం, దానికి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించకూడదు. తలుపు వంగినా, అద్దం పగిలినా, సరిగా మూసుకోకపోయినా మాత్రం వాడకుండా, తెలిసినవారి చేత బాగు చేయించండి. ఇంట్లో ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

కరెంటు, శుభ్రత

800 వాట్ల ఓవెన్ గోడ నుండి సుమారు 1,200 వాట్లు లాగుతుంది. దీనికి ఎర్తు ఉన్న పెద్ద ప్లగ్గు కావాలి. ఫ్యాను, టీవీ పెట్టే చిన్న సాకెట్‌కు గాని, పొడుగు తీగల బోర్డుకు గాని, ఫ్రిజ్జుకు పెట్టిన చిన్న స్టెబిలైజరుకు గాని తగిలించవద్దు. ఖర్చు గురించి భయపడనక్కరలేదు. 5 నిమిషాలు వాడితే సుమారు యూనిట్‌లో పదవ వంతు అవుతుంది.

ఓవెన్ వెనుక, పక్కల, పైన గాలి ఆడే చోటు వదలండి. పైన గుడ్డ కప్పి పూలకుండీ పెట్టడం మనవారికి అలవాటు. గాలి పోయే చిల్లులు మూసుకుంటే సెన్సర్‌కు గాలి ఆడదు, ఓవెన్ కూడా వేడెక్కి పాడవుతుంది. చీమలు, బొద్దింకలు ఆ చిల్లుల్లోకి దూరకుండా చుట్టూ శుభ్రంగా ఉంచండి. వారానికి ఒకసారి గాజు గిన్నెలో నీళ్లు, నిమ్మ చెక్కలు వేసి, చెక్క చెంచా ఉంచి 3 నిమిషాలు వేడి చేసి, కొంచెం ఆగి లోపల తుడిస్తే జిడ్డు, వాసన పోతాయి. లోపల ఏమీ లేకుండా ఓవెన్‌ను ఎప్పుడూ తిప్పవద్దు.

పిల్లలకు ఒక మాట

అమ్మానాన్నలకు ఓవెన్ కొనిచ్చే కొడుకులకు, కూతుళ్లకు, కోడళ్లకు ఒక మనవి. యంత్రం ఇచ్చి వెళ్లిపోవద్దు. ఒక రోజు కూర్చొని నేర్పండి. ముప్పై బటన్లు నేర్పనక్కరలేదు. మూడు చాలు: "వేడి చేయి", "ఒక నిమిషం", "ఆపు". వాటి మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిన కాగితం అంటించండి. చూపు మసకబారినవారికి ఆ మూడు బటన్ల మీద చేతికి తగిలే చిన్న చుక్కలు అతికించండి. పగలని గాజు గిన్నెలు రెండు, వాటికి మూతలు కొని, "ఇవి మాత్రమే లోపలికి" అని చెప్పండి. ఓవెన్‌ను తల్లి ఛాతీ ఎత్తుకంటె కింద ఉండే గట్టు మీద పెట్టండి. అమెరికా ఇళ్లలో అది పొయ్యి పైన ఎత్తుగా ఉంటుంది. పొట్టిగా ఉన్న తల్లి వేడి గిన్నెను తలమీదుగా దించాల్సి వస్తే, కింద పొయ్యి వెలుగుతూ ఉంటే, ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆమెకు స్టవ్ మీదే వేడి చేసుకోవడం సులువని తోచితే అలాగే చేసుకోనివ్వండి.

సోదరీమణులారా, సెన్సర్‌కు ఆవిరి తెలుసు. ఉప్పు సరిపోయిందో లేదో, కూర నిన్నటిదో మొన్నటిదో, తినబోయేది పంటి బలం లేని తాతగారో, రెండేళ్ల మనుమడో దానికి తెలియదు. ఆ సంగతులు చూచుకోవలసింది మీరే. ఈ పేజీని కత్తిరించి ఓవెన్ పక్కన గోడకు అంటించుకోండి. దూరదేశంలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్తున్నవారు ఇంటి చుట్టుపక్కల ఉంటే, వారికి కూడా చదివి వినిపించండి.